శని ఉపగ్రహానికీ, సమాయిల్ కొండలకూ బంధుత్వం

శని అనగానే మనకు నువ్వుల నూనె, నవగ్రహ ప్రదక్షిణలు స్ఫురిస్తాయి. ఖగోళ శాస్త్రజ్ఞులకు మాత్రం వలయాలతో శోభిల్లే ఒక మహాగ్రహం, దాని చుట్టూ తిరిగే విస్తారమైన ఉపగ్రహ పరివారం గోచరిస్తాయి. 2025 మార్చి నాటికి గుర్తింపు పొందిన శని ఉపగ్రహాల సంఖ్య 274. వీటిలో ఎన్సెలడస్ అనే చిన్న ఉపగ్రహానికీ, మనం నివసిస్తున్న ఒమన్ దేశపు కొండలకూ రసాయనిక బంధుత్వం ఉన్నది.

1789లో విలియం హెర్షెల్ కనుగొన్న ఎన్సెలడస్ వ్యాసం సుమారు 500 కిలోమీటర్లు. పైభాగమంతా మంచు, ఉష్ణోగ్రత సున్నాకు దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ దిగువన ఉంటుంది. అయినా 2005లో కాసినీ వ్యోమనౌక దాని దక్షిణ ధ్రువం వద్ద మంచు పగుళ్ల నుండి నీటి ఆవిరి, మంచు రేణువులు ఎగజిమ్మడం గమనించింది. మంచు పొర క్రింద ఉప్పునీటి సముద్రం ఉన్నదని తరువాతి పరిశీలనలు తెలిపాయి. శని గురుత్వాకర్షణ ఆ గోళాన్ని నిరంతరం సాగదీస్తూ, నొక్కుతూ ఉండటం వలన పుట్టే వేడిమి ఆ నీటిని గడ్డకట్టనీయదు. 2015 అక్టోబరులో కాసినీ ఆ జల్లుల మధ్యగా ప్రయాణించినప్పుడు వాటిలో హైడ్రోజన్ కూడా ఉన్నట్లు గుర్తించింది. ఆ ఫలితం 2017లో వెల్లడైనది.

ఈ హైడ్రోజన్ ఎక్కడిది? మస్కట్ నుండి నిజ్వాకు వెళ్లే దారిలో, సమాయిల్ ప్రాంతాన కనిపించే ముదురు గోధుమరంగు కొండలే ఇందుకు సమాధానం చెబుతాయి. సుమారు 9.5 కోట్ల సంవత్సరాల క్రితం సముద్రపు అడుగు భాగంగా ఉండిన ఈ శిలలు, తరువాత భూఫలకాల ఒత్తిడికి నేలపైకి నెట్టబడ్డాయి. వీటిలోని పెరిడొటైట్ శిలను నీరు చేరినప్పుడు, అందలి ఇనుము నీటిలోని ఆక్సిజన్‌ను గ్రహించి హైడ్రోజన్‌ను విడుదల చేస్తుంది. శిల క్రమంగా పాము చర్మాన్ని తలపించే సర్పెంటైన్‌గా మారుతుంది. ఎన్సెలడస్ గర్భంలోనూ ఇదే చర్య జరుగుతున్నదని శాస్త్రజ్ఞుల అంచనా.

సమాయిల్ శిలల లోతులలో, సూర్యరశ్మి సోకని నీటిలో, ఈ హైడ్రోజన్‌నే ఆహారంగా గ్రహించి మీథేన్‌ను వెలువరించే సూక్ష్మజీవులు ఉన్నాయి. అట్లయితే ఎన్సెలడస్‌పై జీవం ఉన్నట్లేనా? తొందరపడరాదు. హైడ్రోజన్ ఆహారమే కాని, జీవి కాదు. గిన్నెలో అన్నం మిగిలి ఉన్నంత మాత్రాన ఇంట్లో తినేవారు ఉన్నారనీ చెప్పలేము, లేరనీ చెప్పలేము. మీథేన్ కూడా జీవుల ప్రమేయం లేకుండా ఏర్పడగలదు. జీవం విడిచే ఆనవాళ్లను, కేవలం రసాయన చర్య మిగిల్చే ఆనవాళ్ల నుండి వేరుచేయడమే అసలు సమస్య. 2016–2018 మధ్య ఒమన్ డ్రిల్లింగ్ ప్రాజెక్టు వెలికితీసిన శిలలు ఈ పరిశోధనకు తోడ్పడుతున్నాయి.

భూమి నుండి వెంట వచ్చిన సూక్ష్మజీవులేవైనా ఆ ఉపగ్రహాలను చేరకూడదనే ముందుచూపుతో, 2017 సెప్టెంబరు 15న కాసినీని శనిగ్రహంలోనే దగ్ధం కానిచ్చారు. రేపు మరొక నౌక అక్కడికి వెళ్లినప్పుడు ఏమి వెదకాలో ఇక్కడి రాళ్లే నేర్పవలసి ఉన్నది.

ఒమన్ వాదీలలో తెల్లని పూత కట్టిన ఊటలు కనిపిస్తే పిల్లలకు ఈ సంగతి చెప్పండి. ఆ నీటి పి.హెచ్. విలువ 11ను మించుతుంది కనుక దానిని త్రాగనీయకండి.