అరవై దాటిన సారా మళ్లీ తుపాకీ పట్టింది

ఫైటింగు సినిమా అనగానే అది మగవాళ్ల వ్యవహారం అనుకుని మనలో చాలామంది వంటింట్లోకి వెళ్లిపోతాం. కానీ ‘టెర్మినేటర్’ సినిమాలు మొదట్నుంచీ ఒక తల్లి కథే. 1984లో జేమ్స్ కామెరాన్ తీసిన మొదటి సినిమాలో సారా కానర్ హోటల్లో వెయిట్రెస్‌గా పనిచేసే మామూలు అమ్మాయి. ఆమెకు పుట్టబోయే కొడుకు యంత్రాలతో యుద్ధంలో మనుషులకు నాయకుడవుతాడట. అందుకని భవిష్యత్తు నుంచి ఒక మరమనిషి ఆమెను చంపడానికి వస్తాడు. 1991లో రెండో భాగం వచ్చేసరికి సారా పిచ్చాసుపత్రిలో ఉంటుంది, నిజం చెప్పినందుకు! అక్కణ్నుంచి బయటపడి కొడుకును కాపాడుకుంటుంది.

కథ అక్కడితో నిండుగా అయిపోయింది. అయినా కాసే చెట్టును ఎవరు వదులుతారు? 2003లో మూడోది తీశారు. అందులో సారా లుకేమియాతో పోయిందని మాటల్లో చెప్పి సరిపెట్టేశారు. 2009లో నాలుగోది, 2015లో ఐదోది.

2019లో వచ్చిన ఆరోది ‘డార్క్ ఫేట్’. దర్శకుడు టిమ్ మిల్లర్. కామెరాన్ నిర్మాతల్లో ఒకరుగా తిరిగొచ్చారు. మధ్యలో వచ్చిన మూడూ లేనట్టే అనుకోమన్నారు. 28 ఏళ్ల తర్వాత సారాగా మళ్లీ లిండా హామిల్టనే!

ఇంత ఆలస్యంగా వచ్చిన భాగాన్ని ఎలా తూచాలి? ఫైటింగులు పెద్దవా చిన్నవా అని చూస్తే లాభం లేదు, ఖర్చు పెడితే అవి ఎవరికైనా వస్తాయి. పాత కథను నమ్మి మనసు పెట్టుకున్న మనల్ని ఏం చేశారన్నదే నా లెక్క. (కథ ముందే తెలియడం ఇష్టం లేనివాళ్లు ఇక్కడ ఆపేయండి.)

సినిమా మొదలవుతూనే, 1998లో, కొడుకు జాన్‌ను ఒక మరమనిషి తల్లి కళ్లెదుటే కాల్చేస్తాడు. అభిమానులు చాలామంది మండిపడ్డారు. రెండు సినిమాలపాటు అంత కష్టపడి దక్కించుకున్న బిడ్డను ఒక్క నిమిషంలో తీసేస్తారా? ఆ కోపం న్యాయమైనదే. అయితే ఆ దెబ్బను సినిమా మరిచిపోదు. లిండా నెరిసిన జుట్టునీ ముడతలనీ దాచుకోలేదు. జాగ్రత్త కోసం జాన్ ఫొటో ఒక్కటి కూడా ఉంచుకోలేదని, ఇప్పుడు వాడి ముఖమే మరుపున పడుతోందని సారా చెప్పేచోట ఏ తల్లికైనా గొంతు పట్టేస్తుంది.

అన్నిటికన్నా గట్టి ఘట్టం వేరే ఉంది. జాన్‌ను చంపిన ఆ మరమనిషే (ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్) కార్ల్ అని పేరు పెట్టుకుని, ఒకావిడకూ ఆమె కొడుక్కూ తోడుగా ఉంటూ, కర్టెన్ల వ్యాపారం చేస్తుంటాడు! విసుక్కోకుండా పసివాడి డైపర్లు మార్చేవాడట. మనకు నవ్వొస్తుంది. కానీ సారా ఆ ఇంట్లో, తన కొడుకును చంపినవాడి ఎదురుగా కూచోవాలి. నవ్వునూ కడుపుకోతనూ ఒకే గదిలో పెట్టడం చిన్న విషయం కాదు.

మెక్సికోలో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే డానీ (నటాలియా రేయెస్) కథ కూడా బాగుంది. ఈమె కడుపున పుట్టేవాడే రక్షకుడని సారా అనుకుంటుంది. తీరా చూస్తే ఆ నాయకురాలు డానీయే! కొడుకు కోసం కాదు, తన కోసమే ఆమె ప్రాణం విలువైనది.

మిగతాదంతా గోల. విమానంలో కొట్లాట, డ్యామ్ దగ్గర కొట్లాట, చీకట్లో ఎవరు ఎవరినో తెలిసి చావదు. శత్రువుకి స్కైనెట్ బదులు లీజియన్ అని పేరు మార్చారు, అంతే. సుమారు 18.5 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే, ప్రపంచమంతా కలిపి వసూలైంది 26 కోట్లు. థియేటర్ల వాటా, ప్రచారం ఖర్చులు పోను నష్టమే మిగిలింది.

హింస ఎక్కువ, చిన్నపిల్లలతో చూడకండి. చూడదలిస్తే ముందు 1984దీ 1991దీ చూసి ఇది పెట్టుకోండి. మధ్య మూడింటి జోలికి వెళ్లకపోయినా కథ తెగదు.