శిక్ష చోదకుడికి, బాధ్యత ఎవరెవరిది?

బస్తర్ ప్రాంతంలోని గీదం వద్ద మూడు దారులు కలుస్తాయి. ఒకటి జగదల్‌పూర్ నుంచి వస్తుంది. మరొకటి బీజాపూర్, భోపాలపట్నం మీదుగా మంచిర్యాల, నిజామాబాదుల వైపు సాగుతుంది. మూడవది దంతెవాడ మీదుగా బైలడిల్లా ఇనుప గనులకు చేరుతుంది. బరువు లారీలు తిరిగే ఈ దారుల అంచునే గిరిజనులు సంతకు నడిచి వెళతారు. ఇటువంటి చోట నిర్లక్ష్యంగా నడిపిన లారీ ఒక ప్రాణం తీస్తే చోదకుడికి ఎంత శిక్ష పడాలి?

భారత శిక్షాస్మృతిలోని 304-ఎ సెక్షన్ గరిష్ఠంగా రెండేళ్ల జైలు విధించింది. జరిమానాతో సరిపెట్టే వీలూ అందులో ఉండేది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ గరిష్ఠ శిక్షను ఐదేళ్లకు పెంచింది. జైలుతోపాటు జరిమానా కూడా ఉంటుంది. అయితే కనీస శిక్ష ఎంతో చెప్పలేదు.

ప్రమాదం చేసి పోలీసులకుగానీ మేజిస్ట్రేటుకుగానీ తెలపకుండా పారిపోయేవారికి పదేళ్ల వరకు శిక్షను నిర్దేశించిన ఉపసెక్షన్‌పై 2024 జనవరిలో లారీ చోదకులు దేశవ్యాప్తంగా సమ్మెకు దిగారు. ఆగితే జనం కొట్టి చంపుతారన్నది వారి భయం. సంహిత అమలులోకి వచ్చిన రోజున ఆ ఉపసెక్షన్‌ను మాత్రం పక్కన ఉంచారు. కాగా, మూక ఆగ్రహం వల్ల సాధ్యంకాని సందర్భంలో తప్ప క్షతగాత్రునికి వైద్యసాయం అందించడం చోదకుడి విధి అని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ముందే చెప్పింది.

వృత్తి చోదకుల విషయంలో సుప్రీంకోర్టు వైఖరి 2000 సంవత్సరంలో స్పష్టమైంది. దల్బీర్‌సింగ్ కేసులో దోషిని ప్రొబేషన్‌పై విడుదల చేయడానికి నిరాకరించింది. పనివేళల్లో దాదాపు ఎల్లప్పుడూ స్టీరింగ్ ముందుండే వ్యక్తి ఒక్క క్షణమైనా ఏమరరాదని హెచ్చరించింది. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్‌కు చెందిన అయినుద్దీన్ కేసులో, బస్సు ఎక్కిన ప్రయాణికురాలు జారిపడి మరణించినంత మాత్రాన చోదకుడి నిర్లక్ష్యం రుజువైనట్లు కాదంటూ అతడిని నిర్దోషిగా విడుదల చేసింది. రుజువు విషయంలో జాగ్రత్త, రుజువయ్యాక కాఠిన్యం ఈ రెండు తీర్పుల సారాంశం.

అయితే స్టీరింగ్ పట్టిన చేయి ఒక్కటే ప్రమాదానికి కారణం కాకపోవచ్చు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం సాధారణంగా రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించరాదన్నది. పరిమితికి మించిన బరువుకు 2019 సవరణ రూ.20 వేలు, అదనపు టన్నుకు రూ.2 వేల చొప్పున జరిమానా విధించింది. నిద్ర లేకుండా ట్రిప్పులు పంపిన యజమాని, అధిక బరువు ఎక్కించిన వ్యాపారి సాధారణంగా 106వ సెక్షన్ కింద బోనులోకి రారు.

మృతుని కుటుంబానికి న్యాయం దక్కాలంటే దోషికి తగిన శిక్ష పడాల్సిందే. లారీని ఆ వేగంతో, ఆ బరువుతో, ఆ వేళకు రోడ్డు ఎక్కించినది ఎవరో కూడా దర్యాప్తులో తేలాలి. లేనిపక్షంలో ఒక చోదకుడు జైలుకు వెళ్లిన మరునాడే ఆ లారీ మరొకరి చేతిలో అదే దారి పడుతుంది.