ఒక్క పిన్ను ఖరీదు నూరు పాయింట్లు

టెన్‌పిన్ బౌలింగ్ పోటీల్లో బంతి ఎంపికే కీలకం

ఇద్దరు ఆటగాళ్లు పోటీకి దిగారనుకోండి. ఇద్దరూ ప్రతి విడతలో మొదటి బంతికి తొమ్మిదేసి పిన్నులు పడగొట్టారు. ఒకరు మిగిలిన ఆ ఒక్క పిన్నునూ రెండో బంతికి పడగొడుతూ వచ్చారు. రెండోవారు ప్రతిసారీ దాన్ని వదిలేశారు. ఆట ముగిసేసరికి మొదటివారికి 190 పాయింట్లు, రెండోవారికి 90. నూరు పాయింట్ల తేడా!

టెన్‌పిన్ బౌలింగ్ లెక్క ఇదే. ఒక్కో ఆటలో పది విడతలు. విడతకు రెండు బంతులు. మొదటి బంతికే పది పిన్నులూ పడితే ‘స్ట్రైక్’. ఆ పదికి తర్వాత వేసే రెండు బంతుల పాయింట్లు అదనంగా కలుస్తాయి. రెండో బంతితో పది పూర్తయితే ‘స్పేర్’. దానికి తర్వాతి ఒక్క బంతి పాయింట్లు కలుస్తాయి. అన్నీ స్ట్రైకులే అయితే 300. అంతకు మించి లేదు.

ఈ ఆటకు నియమాలు ఏర్పరచిన అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ 1895లో న్యూయార్క్‌లో పుట్టింది. తొలి జాతీయ పోటీ 1901లో షికాగోలో జరిగింది. ఆసియా క్రీడల్లో ఈ ఆట 1978లో బ్యాంకాక్‌లో ప్రవేశించింది. మన హైదరాబాద్‌లోనూ బౌలింగ్ కేంద్రాలు వెలిశాయి. సరదాగా ఆడేవారికి అక్కడ దొరికే బంతి చాలు. పోటీకి వెళ్లేవారి సంగతి వేరు.

కంటికి కనపడని నూనె

బంతి దొర్లే బాటను ‘లేన్’ అంటారు. గీత నుంచి మొదటి పిన్ను వరకు 60 అడుగుల పొడవు, 41.5 అంగుళాల వెడల్పు. చివర 15 అంగుళాల ఎత్తున్న పది పిన్నులు త్రికోణంలో నిలబడి ఉంటాయి. బాటకు రెండు పక్కలా కాలువలు. బంతి అందులో పడితే ఆ బంతికి సున్నాయే.

ఈ బాట మీద పలుచగా నూనె పూస్తారు. సాధారణంగా మొదటి 40 అడుగుల వరకూ నూనె ఉంటుంది. మిగతాది పొడి నేల. నూనె మీద బంతి జారుతుంది. పొడి నేల తగలగానే పట్టు దొరికి, ఆటగాడు తిప్పిన వైపుకు మళ్లుతుంది. అలా పక్క నుంచి వంగి వచ్చి తగిలిన బంతికే పది పిన్నులూ పడే అవకాశం ఎక్కువ. చక్కని స్ట్రైక్‌లో బంతి తాకేది నాలుగు పిన్నులనే. మిగతా ఆరింటినీ పిన్నులే ఒకదాన్నొకటి పడగొట్టుకుంటాయి.

మామూలు రోజుల్లో నూనెను నడుమ దట్టంగా, అంచుల్లో పలుచగా పూస్తారు. గురి కాస్త తప్పినా బంతి దారికి వస్తుంది. పెద్ద పోటీల్లో అడ్డంగా దాదాపు సమంగా పూస్తారు. అక్కడ తప్పుకు క్షమాపణ ఉండదు. పైగా ఆట సాగే కొద్దీ బంతులు నూనెను పీల్చేస్తాయి. పొద్దున గెలిపించిన దారే మధ్యాహ్నానికి పనికిరాకుండా పోతుంది. అప్పుడు నిలబడే చోటైనా మార్చాలి, బంతినైనా మార్చాలి.

ఏ నేలకు ఏ బంతి?

బంతులు బయటికి ఒకేలా ఉన్నా పైతొడుగులో తేడా ఉంటుంది. ప్లాస్టిక్ బంతి నున్నగా, దాదాపు సూటిగా పోతుంది. యురెథేన్ బంతి నెమ్మదిగా మళ్లుతుంది. 1990ల ఆరంభంలో వచ్చిన రియాక్టివ్ రెజిన్ బంతి పొడి నేల తగలగానే గట్టిగా మళ్లుతుంది. నూనె ఎక్కువుంటే గరుకు బంతి, తక్కువుంటే నున్నని బంతి అన్నది మొదటి సూత్రం. గరుకు కాగితంతో రుద్దడం లాంటివి పోటీకి ముందే చేసుకోవాలి. ఆట మొదలయ్యాక చేస్తే నిబంధనలకు విరుద్ధం.

బంతి మహిమ ఎంతటిదో 1973లో తేలింది. అమెరికా వృత్తి ఆటగాడు డాన్ మెక్యూన్ ప్లాస్టిక్ బంతిని మిథైల్ ఇథైల్ కీటోన్ అనే ద్రావకంలో నానబెట్టి మెత్తబరిచాడు. మెత్తబడ్డ బంతి బాటను పట్టుకుని బాగా మళ్లింది. ఆ ఏడాది ఆయన ఆరు పోటీలు గెలిచి, ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. మిగతావారూ బకెట్లు పట్టారు. ఆ ద్రావకం ఇట్టే అంటుకునేది, ఆవిరి పీలిస్తే హాని. చివరకు బంతికి కనీస గట్టితనం ఇంత ఉండాలని నిబంధన వచ్చింది. గట్టితనాన్ని పరికరంతో కొలిచి చూసే పద్ధతి నేటికీ ఉంది.

చేతి కొలతే ముఖ్యం

బంతి బరువు 16 పౌండ్లకు, అంటే సుమారు 7.25 కిలోలకు మించకూడదు. బరువైన బంతి వేస్తే గొప్ప అనుకోవడం పొరపాటు. అమెరికా జాతీయ పోటీలో జట్టు, జంట, వ్యక్తిగత విభాగాల్లో మూడేసి చొప్పున తొమ్మిది ఆటలు ఆడడం ఆనవాయితీ. మొదటి ఆటలో తేలికనిపించిన బరువు చివరి ఆటలో భుజాన్ని లాగేస్తుంది. చివరి దాకా ఒకే తీరుగా వేయగలిగిన బరువే సరైన బరువు.

అంతకన్నా ముఖ్యం రంధ్రాలు. బొటనవేలికి ఒకటి, మధ్య వేలికి, ఉంగరపు వేలికి చెరొకటి. వీటిని చెయ్యి కొలిచి తొలిపించుకోవాలి. చెప్పులు కొనేటప్పుడు కాలి కొలత చూసుకున్నట్టే ఇదీ. వదులైతే బంతి జారిపోతుందన్న భయంతో బిగించి పట్టుకుంటారు. వేళ్లు బొబ్బలెక్కుతాయి, మణికట్టు నొప్పి పుడుతుంది. బిగుతైతే బంతి వేళకు విడవదు. వేళ్లు ఒకపూట ఉబ్బుతాయి, ఒకపూట తగ్గుతాయి. అందుకే అనుభవజ్ఞులు రంధ్రంలో అంటించే పట్టీలు వెంట ఉంచుకుంటారు.

బూట్లూ చూసుకోవాలి. కుడిచేతి వాటం వారికి ఎడమ బూటు అడుగు జారాలి, కుడిది నేలను పట్టాలి. జారే అడుగుకు కాస్త తడి అంటినా కాలు నిలిచిపోయి ముందుకు తూలతారు.

చవక బంతే ఆదుకుంటుంది

కొత్తగా పోటీలకు వెళ్లేవారు గట్టిగా మళ్లే ఖరీదైన బంతి కోసం డబ్బు పోస్తారు. అది స్ట్రైక్‌కు పనికొస్తుంది. మూలన మిగిలిన ఒక్క పిన్ను దగ్గరే ఇబ్బంది. మళ్లే బంతి నూనె ఎక్కడుంటే అక్కడ ఒక్కో తీరుగా పోతుంది. ప్లాస్టిక్ బంతి నూనెను అంతగా లెక్కచేయక సూటిగా వెళ్లి పిన్నును కొడుతుంది. అన్నిటిలోకీ చవక బంతి కూడా ఇదే. నేటి వృత్తి ఆటగాళ్లలో చాలామంది సంచిలో ఇది తప్పనిసరి.

కాబట్టి కొనే వరుస ఇలా ఉంటే మేలు. ముందు కాలికి సరిపడే బూట్లు. తర్వాత చెయ్యి కొలిచి తొలిపించిన ప్లాస్టిక్ బంతి. దానితో ఒంటరి పిన్నును పదిసార్లలో తొమ్మిదిసార్లు పడగొట్టగలిగాక, మళ్లే బంతి గురించి ఆలోచించవచ్చు.