బైక్ బొమ్మకు కొత్త ఊహ ఎక్కడ దొరుకుతుంది?

మోటార్‌సైకిల్ మీద పెయింటింగ్ వేయమంటే చాలామందికి ముందు తట్టేవి నాలుగైదు దృశ్యాలే: కొండదారి, అస్తమిస్తున్న సూర్యుడు, తోలు జాకెట్, దుమ్ము రేపుతూ దూసుకెళ్లే చక్రం. అడిగిన క్షణంలో కృత్రిమ మేధ గీసిచ్చేవీ దాదాపు ఇవే. మరి చిత్రకారుడు చేయాల్సిన పని ఏం మిగిలింది?

వేగం కూడా ఒకప్పుడు కొత్త ఊహే. 1909లో ఇటలీ కవి మారినెట్టి ఫ్యూచరిస్టు ప్రణాళిక ప్రకటించి వేగమే కొత్త సౌందర్యమన్నాడు. 1913లో జాకొమో బల్లా మోటార్‌సైకిల్ వేగాన్ని బొమ్మ కట్టాడు. 1923లో ఫోర్తునాతో దెపెరో మనిషినీ యంత్రాన్నీ విడదీయలేని ఒకే ఘనాకారంగా చిత్రించాడు. ఆ తరానికి అది కళ్లెదుటి విడ్డూరం. నేటి చిత్రకారుడు దాన్నే మళ్లీ వేస్తే అది అరువు చూపు అవుతుంది.

కోల్‌కతాలోని ఏక్‌బాల్‌పూర్‌నే తీసుకుందాం. పక్కనే ఖిదిర్‌పూర్ రేవు, మధ్యలో డైమండ్ హార్బర్ రోడ్డు రద్దీ. ఇలాంటి పేటలో బైక్ సాహసయాత్రకు గుర్తు కాదు, బతుకుతెరువు. సరుకు మోస్తుంది, పిల్లల్ని బడికి దింపుతుంది, వాయిదాలు కట్టమని నెలనెలా గుర్తుచేస్తుంది.

ఏక్‌బాల్‌పూర్ నుంచి అలీపూర్ మీదుగా తూర్పుకు వెళ్తే కాళీఘాట్. 19వ శతాబ్దంలో అక్కడి పటువాలు యాత్రికులకు దేవతల బొమ్మలు అమ్ముతూనే, బాబుల షోకులనూ 1873లో బెంగాల్‌ను కుదిపేసిన తారకేశ్వర్ హత్య కేసునూ చౌక కాగితం మీదికి ఎక్కించారు. వారి కొత్తదనం శైలిలోనే కాదు, ఊరంతా మాట్లాడుకుంటున్న సంగతిని బొమ్మకు తగినదిగా గుర్తించడంలో ఉంది.

తెలుగునేల మీదా ఇలాంటి ఉదాహరణ ఉంది. మధిరలో పుట్టిన సూర్యప్రకాశ్ (1940–2019) తరువాతి కాలంలో ప్రకృతి దృశ్యాలతో పేరు పొందారు. కానీ తొలినాళ్లలో ఆయనను ఆకర్షించింది తుప్పుపట్టిన వాహనాల తుక్కు. అందరూ మెరిసే బండిని చూస్తే ఆయన దాని ముసలితనాన్ని చూశారు.

కాబట్టి కొత్త ఊహ కోసం ఖాళీ కాన్వాసు ముందు కూర్చోవడం కన్నా మెకానిక్ షెడ్డు ముందు గంటసేపు నిలబడటం మేలు. ఈ బండి ఎవరిది? ఏం మోస్తోంది? ఆగిపోతే ఇంట్లో ఏం ఆగిపోతుంది? ఈ మూడు ప్రశ్నలకు దొరికే జవాబులు ఏ రెండు బండ్లకూ ఒకటి కావు. వెనక సీటు మీద అరిగిన రెగ్జిన్, ట్యాంకు మీద పిల్లాడి స్టిక్కర్, హ్యాండిల్‌కు వేలాడే టిఫిన్ డబ్బా, వానలో ఆర్డర్ కోసం ఎదురుచూస్తూ స్టాండు వేసిన బైక్‌పైనే కునుకు తీసే డెలివరీ కుర్రాడు... వీటిలో ఏ ఒక్కటైనా ఒక చిత్రానికి చాలు.

వేగం బొమ్మలు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. ఆగి ఉన్న బండి కథ వేసినవారు తక్కువ.