అడగడం ఆపితే ఆగిపోయే ప్రసారం: మల్టీకాస్ట్ రౌటర్ల సందేశాలు, గడువులు

ఒక విశ్వవిద్యాలయంలో వెయ్యి మంది విద్యార్థులు తమ తమ గదుల్లో కూర్చుని ఒకే ప్రత్యక్ష ప్రసంగాన్ని చూస్తున్నారనుకుందాం. ఆ వీడియోకు సెకనుకు 5 మెగాబిట్లు కావాలి. సర్వర్ ఒక్కొక్కరికి విడిగా పంపితే సెకనుకు 5,000 మెగాబిట్లు బయటకు రావాలి. అందరూ చూస్తున్నది ఒకే దృశ్యం, కానీ ఒకే తీగ మీద అదే సమాచారం వెయ్యిసార్లు ప్రయాణిస్తుంది.

దీనికి పరిష్కారమే మల్టీకాస్ట్. సర్వర్ ఒక్క ప్రతినే పంపుతుంది. దారి ఎక్కడ చీలుతుందో అక్కడి రౌటర్ మాత్రమే దానికి నకళ్లు తీస్తుంది. స్టీవ్ డీరింగ్ 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1112 అనే పత్రంలో ఇంటర్నెట్‌కు ఈ పద్ధతిని నిర్దేశించారు. బహిరంగ ఇంటర్నెట్‌లో మనం వాడే వీడియో యాప్‌లు సాధారణంగా దీన్ని వాడవు. ఒకే సంస్థ నిర్వహణలో ఉండే నెట్‌వర్కులలో మాత్రం ఇది నిత్యం పనిచేస్తోంది. ఐపీటీవీ చానెళ్లు, స్టాక్ ఎక్స్ఛేంజీల ధరల సమాచారం ఇందుకు ఉదాహరణలు. మన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ కూడా టిక్-బై-టిక్ సమాచారాన్ని మల్టీకాస్ట్ ద్వారా అందిస్తోంది. విడివిడిగా పంపితే వరుసలో ముందున్నవారికి ధర ముందు తెలుస్తుంది. అందరికీ ఒకే ప్రతి వెళితే ఆ తేడా బాగా తగ్గుతుంది.

అయితే ఏ చీలిక దగ్గర నకలు తీయాలో, ఎక్కడ మానేయాలో రౌటర్లకు ఎలా తెలుస్తుంది? అవి తమలో తాము మాట్లాడుకునే భాషల్లో బాగా వాడుకలో ఉన్నది ప్రోటోకాల్ ఇండిపెండెంట్ మల్టీకాస్ట్, క్లుప్తంగా పిమ్. ఇందులోని స్పార్స్ మోడ్ అనే రకాన్ని 2016లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 7761 వివరిస్తుంది. ఆ పత్రంలోని సందేశాల రూపం, చివర్లో పట్టికగా ఇచ్చిన కొన్ని అంకెలు పైకి పొడిగా కనిపిస్తాయి. కానీ నెట్‌వర్క్ నమ్మకంగా నడవడం వెనుక ఉన్న ఆలోచన అంతా వాటిలోనే ఉంది.

అడిగిన చోటికే నీరు

కాలువల కింద సేద్యం చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువలు, వాటి నుంచి పొలాలు. చివరి పొలానికి నీరు కావాలంటే కబురు కింది నుంచి పైకి వెళ్లాలి. దారిలో ఒక్కొక్క తూము తెరుచుకోవాలి. పిమ్‌లో కూడా అంతే. వీడియో పైనుంచి కిందికి వస్తుంది, ‘మాకు కావాలి’ అనే జాయిన్ సందేశం కింది నుంచి పైకి వెళుతుంది. ‘ఇక వద్దు’ అంటే ప్రూన్. తేడా ఒక్కటే: నీరు పంచితే తగ్గుతుంది, సమాచారం తగ్గదు.

అంతకుముందు, 1988లో ఆర్‌ఎఫ్‌సీ 1075లో వచ్చిన డీవీఎంఆర్‌పీ అనే ప్రోటోకాల్ దీనికి భిన్నమైన పద్ధతికి పునాది వేసింది. ఆ మార్గంలో సమాచారాన్ని ముందు అన్ని వైపులా వదిలి, అక్కర్లేని కొమ్మలను తర్వాత కత్తిరిస్తారు. శ్రోతలు కొద్దిమందే ఉన్న పెద్ద నెట్‌వర్క్‌లో అది వృథా. అందుకే స్పార్స్ మోడ్‌లో అడిగితే తప్ప ఏదీ రాదు.

34 బైట్ల కోరిక

ప్రతి పిమ్ సందేశం 4 బైట్ల శీర్షికతో మొదలవుతుంది. అందులో మొదటి 4 బిట్లు వెర్షన్ సంఖ్య (ప్రస్తుతం 2), తర్వాతి 4 బిట్లు సందేశం రకం. 0 అంటే హలో, 1 రిజిస్టర్, 2 రిజిస్టర్-స్టాప్, 3 జాయిన్/ప్రూన్. చివరి 16 బిట్లు దారిలో పొరపాటు జరిగిందేమో చూసే చెక్‌సమ్.

జాయిన్/ప్రూన్‌లో శీర్షిక తర్వాత నాలుగు విషయాలు ఉంటాయి: ఈ కోరిక పై రౌటర్లలో ఎవరికి, ఎంతకాలం చెల్లుతుంది, ఏ గ్రూపు కోసం, ఏ మూలం నుంచి. ఐపీవీ4లో ఒక గ్రూపు, ఒక మూలం ఉన్న జాయిన్ సందేశం మొత్తం 34 బైట్లే. అంటే పైన చెప్పిన వీడియోను రప్పించే కోరిక ఒక చిన్న ఎస్ఎంఎస్ కన్నా పెద్దది కాదు.

ఆ నాలుగింటిలో ‘ఎంతకాలం చెల్లుతుంది’ అన్నదే అసలు కీలకం.

గుర్తు చేస్తేనే గుర్తుంటుంది

జాయిన్ సందేశం అందగానే పై రౌటర్ తూము తెరుస్తుంది. కానీ శాశ్వతంగా కాదు. సందేశంలో రాసిన గడువు వరకే, అంటే మామూలుగా 210 సెకన్లు. ఆలోగా మళ్లీ జాయిన్ రాకపోతే తూము తనంతట తానే మూసుకుంటుంది. అందుకే కింది రౌటర్ ప్రతి 60 సెకన్లకు అదే కోరికను తిరిగి పంపుతూ ఉంటుంది. ఈ పద్ధతిని సాఫ్ట్ స్టేట్ అంటారు.

ఒకసారి చెప్పి ఊరుకోవచ్చు కదా? కింది రౌటర్‌కు కరెంటు పోయిందనుకోండి. ‘ఇక వద్దు’ అని చెప్పే అవకాశం దానికి లేదు. పై రౌటర్ శాశ్వతంగా గుర్తుంచుకుంటే ఎవరూ చూడని వీడియో ఆ తీగలోకి పారుతూనే ఉంటుంది. గడువు ఉంటే ఆ తప్పు మూడున్నర నిమిషాల్లో దానంతటదే సరిపోతుంది.

పక్క రౌటర్ బతికే ఉందా అని చూసే హలో సందేశానికీ ఇదే సూత్రం. 30 సెకన్లకు ఒకసారి హలో పంపాలి, 105 సెకన్లు వినబడకపోతే ఆ రౌటర్ లేనట్టే. 210ని 60తో, 105ని 30తో భాగించి చూడండి. రెండింటికీ 3.5 వస్తుంది.

ఇది యాదృచ్ఛికం కాదు. పిమ్ సందేశాలు అందాయన్న రసీదు సాధారణంగా ఉండదు, దారిలో పోతే పోయినట్టే. చివరి జాయిన్ సున్నా సెకను దగ్గర అందిందనుకుంటే, తర్వాతివి 60, 120, 180 సెకన్ల దగ్గర రావాలి. ఆ మూడూ వరుసగా పోతేనే 210 దగ్గర తూము మూసుకుంటుంది. నూటికి ఒక సందేశం చొప్పున, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పోయే తీగ మీద మూడూ పోయే అవకాశం 10 లక్షల్లో ఒకటి. మరి మూడు రెట్లు చాలదా? మూడో సందేశం సరిగ్గా 180 దగ్గర రావాలి. కాస్త ఆలస్యమైతే మంచి సందేశం కూడా గడువు దాటిపోతుంది. ఆ మిగతా అర భాగం ఆలస్యానికి ఇచ్చిన వెసులుబాటు.

పదేపదే చెప్పడం భారం కాదా అంటే, లెక్క వేద్దాం. ఒకే సందేశంలో చాలా గ్రూపులను చేర్చవచ్చు, అదనపు గ్రూపు ఒక్కొక్కదానికి 20 బైట్లు చాలు. మామూలు 1,500 బైట్ల ప్యాకెట్‌లో 73 గ్రూపులు పడతాయి. వెయ్యి గ్రూపులకు నిమిషానికి 14 ప్యాకెట్లు, దాదాపు 20 కిలోబైట్లు. మన వీడియో ఒక్కటే నిమిషానికి 37.5 మెగాబైట్లు.

తొందరపడకుండా మూడు సెకన్లు

ఒకే స్విచ్‌కు మూడు రౌటర్లు కలిసి ఉన్నాయనుకుందాం. పై రౌటర్ ఒకటి, కింద రెండు. కింది రెంటిలో ఒకటి ప్రూన్ పంపింది. వెంటనే ఆపేస్తే రెండోదాని వెనుక ఉన్న ప్రేక్షకులకు చిత్రం నిలిచిపోతుంది.

అందుకే ఈ సందేశాలను 224.0.0.13 అనే ఉమ్మడి చిరునామాకు, అక్కడున్న పిమ్ రౌటర్లన్నీ వినేలా పంపుతారు. సందేశం లోపల మళ్లీ ‘పై రౌటర్ ఎవరు’ అని రాయవలసి వచ్చింది కూడా ఇందుకే. ప్రూన్ విన్న పై రౌటర్ 3 సెకన్లు ఆగుతుంది: 2.5 సెకన్లు ఇతరులు అభ్యంతరం చెప్పడానికి, 0.5 సెకను ఆ మాట చేరడానికి. వీడియో ఇంకా కావలసిన రౌటర్ ఆ 2.5 సెకన్లలో ఏదో ఒక క్షణాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుని జాయిన్ పంపుతుంది. అలాంటి రౌటర్లు పది ఉన్నా, మొదటిది పలకగానే మిగతావి విని ఊరుకోవచ్చు.

ఇలాంటి యాదృచ్ఛికత మొదటి హలోలోనూ ఉంది. కొత్తగా మేల్కొన్న రౌటర్ 0 నుంచి 5 సెకన్ల మధ్య ఎప్పుడో ఒకప్పుడు హలో పంపుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారిగా అరవకుండా ఈ జాగ్రత్త. విడివిడిగా మొదలైన రౌటర్ల సందేశాలు కూడా కాలక్రమంలో ఒకే తాళంలో పడిపోవచ్చని శాలీ ఫ్లాయిడ్, వాన్ జాకబ్సన్ 1990ల తొలినాళ్లలో చూపించారు.

‘చాలు’ అన్న మాటకూ గడువే

అడిగేవారికి మూలం ఎక్కడుందో ముందుగా తెలియదు. అందుకని రెండు పక్షాలూ కలుసుకోవడానికి ఒక రౌటర్‌ను రాండెవూ పాయింట్‌గా నిర్ణయిస్తారు. మూలం పక్కనున్న రౌటర్ వీడియో ప్యాకెట్లను రిజిస్టర్ సందేశంలో చుట్టి అక్కడికి పంపుతుంది. నేరుగా వచ్చే దారి ఏర్పడ్డాకో, ఆ గ్రూపును ఎవరూ కోరనప్పుడో రాండెవూ పాయింట్ రిజిస్టర్-స్టాప్ అంటుంది.

ఈ ‘చాలు’ కూడా శాశ్వతం కాదు. సగటున ఒక నిమిషం లోపే పంపే రౌటర్ ఒక ఖాళీ రిజిస్టర్‌తో ‘ఇప్పటికీ వద్దా?’ అని అడుగుతుంది. 5 సెకన్లలో మళ్లీ రిజిస్టర్-స్టాప్ వస్తే సరే, లేకపోతే చుట్టి పంపడం తిరిగి మొదలు. గమనించండి: జాయిన్ విషయంలో మౌనానికి అర్థం ‘వద్దు’, ఇక్కడ మౌనానికి అర్థం ‘పంపు’. ఏ వైపు పొరపాటు జరిగితే నష్టం తక్కువో ఆ వైపే మొగ్గారు. వృథా ప్రవాహం ఆగాలి, కొత్త మూలం మాట మాత్రం పోకూడదు.

గడువులకూ ఖరీదు ఉంది

పక్క రౌటర్ చనిపోయిందని హలోల ద్వారానే తెలియాలంటే 105 సెకన్ల వరకు పట్టవచ్చు. ప్రత్యక్ష ప్రసారంలో అది చాలా ఎక్కువ. గడువు తగ్గిస్తే సందేశాల భారం పెరుగుతుంది, చిన్న ఆటంకానికే బతికున్న రౌటర్‌ను చనిపోయిందనుకునే ప్రమాదమూ పెరుగుతుంది. అందుకే కొన్ని చోట్ల మార్గాలు చిన్న మాటతో ఉన్నాయి. శుభ్రంగా ఆగిపోయే రౌటర్ గడువు సున్నాగా రాసిన హలోతో వీడ్కోలు చెబుతుంది. ప్రతి హలోలో 32 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య ఒకటి ఉంటుంది. రౌటర్ ఆగి మళ్లీ మొదలైతే ఆ సంఖ్య మారుతుంది. ‘ఇది పాతవన్నీ మరిచిపోయింది’ అని గ్రహించిన పక్క రౌటర్లు 60 సెకన్ల వంతు కోసం చూడకుండా త్వరగా జాయిన్లు పంపుతాయి.

పట్టికలోని 30, 60, 105, 210 ఇవే. సందేశాలు పోతాయి, యంత్రాలు చెప్పకుండా ఆగిపోతాయి అని ముందే ఒప్పుకుని వేసిన లెక్కలవి. మీ నెట్‌వర్క్‌లో ఒక మల్టీకాస్ట్ చానెల్ సరిగ్గా మూడున్నర నిమిషాలకు ఆగిపోతుంటే, వెతకవలసిన చోటు ఇప్పుడు మీకు తెలుసు: ఎక్కడో ఒక రౌటర్ మళ్లీ అడగడం మానేసింది, లేదా అది అడిగిన మాట పైకి చేరడం లేదు.