అమ్మవారు తీసుకుపోయింది.. కాగితం మరిచిపోయింది

విక్టోరియా రాణి కాలం నాటి మశూచి మృతుల ఆనవాళ్లు మన పల్లెల్లో ఎక్కడ?

హోసూరు, క్రిష్ణగిరి:
ముత్తాత పేరేంటంటే ఠక్కున చెప్పేవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఆయన తోడబుట్టినవాళ్లు ఎంతమంది అని అడిగి చూడండి. కాసేపు ఆగి, నలుగురో అయిదుగురో, అమ్మవారు పోసి పోయినారంట అంటారు. అక్కడితో మాట తెగిపోతుంది. పేర్లుండవు, ఏ ఏడో తెలీదు. బాగలూరు నుంచి వేపనపల్లి దాకా ఏ తెలుగింట్లో వంశవృక్షం గీయబోయినా కొమ్మ విరిగేది ఇక్కడే.

మశూచిని మనవాళ్లు జబ్బు అనలేదు, అమ్మవారు అన్నారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఇంట్లో తాలింపు వేసేవారు కాదు. కొత్తవాళ్లను గడప తొక్కనిచ్చేవారు కాదు. టీకా లేనివాళ్లకు సోకితే పదిమందిలో ముగ్గురి దాకా ప్రాణం పోయేది. అందులో పసిపిల్లలే ఎక్కువ. బతికి బయటపడినవాళ్లకు మొహాన గుంతలు, కొందరికి చూపు లేని కళ్లు. ఎండలు ముదిరే రోజుల్లోనే ఇది రేగేది. మారెమ్మ, గంగమ్మ జాతరలూ ఎక్కువగా ఆ రోజుల్లోనే వస్తాయి. తంబిట్టు దీపాలు నెత్తిన పెట్టుకుని గుడికి వెళ్లే పండుగ వెనక ఎన్ని ఇళ్ల ఏడుపు ఉందో ఎవరు లెక్కగట్టారు?

ఇంకో చిక్కు కూడా ఉంది. పసిబిడ్డ పోతే తద్దినం పెట్టరు. తర్పణం వదిలేటప్పుడు పలికేది తండ్రి, తాత, ముత్తాత.. మూడు తరాల పేర్లే. కట్టెల మీద కాల్చే ఆచారమున్న ఇళ్లవాళ్లు కూడా చాలాచోట్ల మశూచితో పోయినవారిని పూడ్చిపెట్టేవారు. అలా ఇంటి నోట్లోంచి కూడా ఆ పేర్లు జారిపోయాయి.

అంకెల్లో ఉన్నారు

అప్పుడు హోసూరు, క్రిష్ణగిరి రెండూ సేలం జిల్లాలోవి. ధర్మపురి జిల్లా 1965లో, క్రిష్ణగిరి జిల్లా 2004లో వచ్చాయి. ఊళ్లో ఎవరు పోయినా గ్రామాధికారి తాలూకా కచేరీకి రాసి పంపాలి. కలరా, మశూచి, జ్వరం, విరేచనాలు, దెబ్బలు, ఇతరాలు అని గడులు. తాలూకా నుంచి జిల్లాకు, అక్కడి నుంచి మద్రాసులోని శానిటరీ కమిషనర్‌కు లెక్క చేరేది. ఊళ్లో ఫలానావారి మూడో బిడ్డ కాస్తా సేలం చేరేసరికి ఒక అంకె అయిపోయేది. మద్రాసులో అచ్చయిన నివేదికలో జిల్లా మొత్తమే కనబడేది. జనన మరణాల నమోదుకు మద్రాసు రాజధానిలో ప్రత్యేక చట్టం వచ్చింది 1899లో. అప్పటికి విక్టోరియా రాణికి మిగిలింది రెండేళ్లే.

జనాభా లెక్కలు మరీ గుండె పిండుతాయి. 1871లో సేలం జిల్లా జనం 19.6 లక్షల పైచిలుకు. 1881కి 16 లక్షలకు దిగిపోయింది. నడుమ 1876-78 మహా కరువు. తిండి లేని ఒంటి మీద కలరా, మశూచి, జ్వరాలు కలిసి పడ్డాయి. కాబట్టి ఆ పదేళ్లలో పోయిన తాత మశూచితోనే పోయాడని గట్టిగా చెప్పలేం. పాడుబడ్డ ఊరి దిబ్బ కనబడగానే అది అమ్మవారి పనే అని తేల్చేయకూడదు. క్రిష్ణగిరి చుట్టుపక్కల కనబడే వీరగల్లులు చూసి మా పెద్దలవే అనుకునేవారూ ఉన్నారు. అవి పశువుల కోసం, ఊరి కోసం పోరాడి పోయినవారికి నిలిపినవి. మశూచికి ఎవరూ రాయి నిలపలేదు.

తెల్లవాళ్ల సంగతి వేరు. కుంపణీవాళ్లు గుర్రాల డిపో పెట్టిన మత్తిగిరిలో తెల్ల సిపాయి బిడ్డ పోతే పాదిరి పేరు, వయసు, తేదీ రాసేవాడు. దాని నకలు ఓడెక్కి లండన్ పోయేది. మద్రాసు రాజధాని ఖనన రిజిస్టర్ల నకళ్లు ఇవాళ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అదే గాలి పీల్చి, అదే జబ్బుతో పోయిన రైతు బిడ్డకు ఒక్క వాక్యం లేదు.

ఓడెక్కినవాళ్లకు ఉంది చిరునామా

మన పెద్దల్లో ఒక వర్గానికి మాత్రం కాగితం మిగిలింది. ఊరు విడిచి కూలి ఓడ ఎక్కినవాళ్లకు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే మొదటి ఓడ నేటాల్ చేరింది. 1911 దాకా లక్షా 52 వేల మంది అలా వెళ్లారు. వాళ్ల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. ఒంటి మీది గుర్తులకు ఒక గడి పెట్టారు. మొహాన మశూచి మచ్చలుంటే అదే గుర్తు. కూలీ పారిపోతే పట్టుకోవడానికి పనికొస్తుందని రాసింది, నూరేళ్లు దాటాక మునిమనవలకు ఆధారమైంది. డర్బన్‌లోని గాంధీ-లుతూలీ డాక్యుమెంటేషన్ సెంటర్లో ఈ జాబితాలు చూడొచ్చు. సేలం జిల్లా పేరు వాటిలో కనబడుతుంది.

టీకా లేక కాదు. 1802 జూన్‌లోనే బొంబాయిలో మూడేళ్ల పాపకు మొదటి టీకా వేశారు. కానీ ఒక బిడ్డ చేతి పొక్కులోంచి తీసి ఇంకో బిడ్డకు గాటు పెట్టాలి. ఎవరి బిడ్డ రసం ఎవరికి అన్న తగువు, అమ్మవారికి కోపమొస్తుందన్న భయం. టీకాలవాడొస్తున్నాడంటే తలుపులు పడేవి. దూడల నుంచి తీసే మందు వచ్చాక ఆ తగువు తగ్గింది. 1899లో గిండీలో పెట్టిన కింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదట చేసిన పని అదే. మన దేశంలో ఆఖరి కేసు 1975లో. 1980 మే 8న మశూచి లోకంలోనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాటింది. అందుకే యాభై దాటినవాళ్ల చేతి మీద ఇంకా ఆ టీకా మచ్చ ఉంటుంది.

వెతకాలంటే..

ముందు ఇంట్లో పేర్లు చూడండి. కుప్పయ్య, కుప్పమ్మ, పెంటయ్య, పిచ్చమ్మ. వరసగా బిడ్డలు పోయిన ఇంట్లో, ఈ బిడ్డ ఎవరికీ అక్కర్లేనిది అని దిష్టి తప్పించడానికి పెట్టిన పేర్లివి. తర్వాత అవే తాతల పేర్లుగా సాగాయి నిజమే. అయినా మొదటి కుప్పమ్మ ఎవరో తెలిస్తే ఆమెకు ముందు పోయినవాళ్లు కూడా అక్కడే ఉంటారు.

వంశాలు చెప్పే పిచ్చుకగుంట్లవాళ్లను మరవొద్దు. ఆంధ్రలో వీళ్లను ఇప్పుడు వంశరాజులంటారు. కర్ణాటకలో హెళవలు. రైతు ఇళ్లకు వచ్చి గోత్రం, మూలపురుషుడు, వలస వచ్చిన దారి చెబుతారు. సంతు నిలిచినవాళ్ల పేర్లే వాళ్ల నోట ఎక్కువ. పోయిన పిల్లల సంగతి మనమే అడగాలి.

కరణం, పూజారి, తలారి వంటి ఈనాం ఇళ్లవాళ్లకు ఇంకో దారి ఉంది. 1858లో మొదలైన ఈనాం కమిషన్ రిజిస్టర్లలో భూమి అనుభవిస్తున్నవారి పేరు, వయసు, అంతకుముందు ఎవరిదో రాశారు. అన్న ఉండాల్సిన చోట తమ్ముడి కొడుకు పేరుంటే ఎందుకా అని ఆలోచించాల్సిందే. ఇలాంటి పాత రికార్డులకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. వెళ్లేముందు ఊరి పాత పేరు, పాత తాలూకా రాసుకోండి. డెంకణికోట అప్పట్లో హోసూరు తాలూకాలోదే. హోసూరును కుంపణీవాళ్లు ‘ఊస్సూర్’ అని రాసేవారు.

అన్నిటికంటే తొందరపడాల్సింది ఇంటి కాగితాల గురించి. 1980లో తమిళనాడులో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. అటకల మీద మిగిలిన కట్టలుంటే మన తెలుగిళ్లలో చాలావరకు గొలుసుకట్టు తెలుగులో ఉంటాయి. చదివేవాళ్లు వేళ్ల మీద లెక్క. 2006 చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరైంది. 2015-16 నాటికి అది పదో తరగతి దాకా వచ్చింది. అచ్చు తెలుగే చదవడం రాని మనవడికి గొలుసుకట్టు ఏం తెలుస్తుంది? పాత చింత కాగితమని పొయ్యిలో పెడతాడు. ఆ కట్టలో పొలం లెక్కల నడుమ ఎవరో తాత తన బిడ్డ పోయిన తిథి రాసిపెట్టి ఉండొచ్చు. కట్ట విప్పి, పేజీపేజీకీ ఫొటో తీసి, చదవగలిగిన పెద్దాయన ఊళ్లో ఉండగానే చూపించండి.