ఆర్‌సీ కారు మలుపులో మాట వినట్లేదా? టైర్లు కొనే ముందు డిఫ్ విప్పి చూడండి

పోయిన ఏడాది మూడు నెలల్లో నేను రెండు జతల ముందు టైర్లు కొన్నాను. నాది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న 1:8 స్కేల్ ఎలక్ట్రిక్ బగ్గీ. ఆఫీసు పని లేని ఆదివారాలు ఊరి బయట మట్టి గ్రౌండ్‌లో నలుగురైదుగురం కలిసి తోలుతాం. కారు మలుపులోకి బాగానే దిగేది. బయటికి వస్తూ థ్రాటిల్ నొక్కగానే లోపలివైపు ముందు చక్రం గిర్రున తిరిగేది, కారు మాత్రం నేరుగా ట్రాక్ అంచు మీదికి పోయేది. గ్రిప్ లేదనుకుని టైర్లు మార్చా. మళ్ళీ అదే. ఇంకో కాంపౌండ్ తెప్పించా. మళ్ళీ అదే. చివరికి ముందు గేర్‌బాక్స్ విప్పితే, డిఫరెన్షియల్‌లో చుక్క ఆయిల్ లేదు! ఒక ఓ-రింగ్ తెగి అంతా కారిపోయింది, బయట మట్టితో కలిసి నల్లటి పేస్ట్‌లా అంటుకుని ఉంది. ఓ-రింగ్ ఖరీదు ఒక టీ, సమోసా అంత. టైర్లకి ఎంతయిందో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

అసలు డిఫ్ పనేంటి? మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం వెళ్ళాలి. రెండింటినీ ఒకే రాడ్‌కి బిగించేస్తే ఏదో ఒకటి నేల మీద ఈడ్చుకుపోతుంది. డిఫ్ లోపలి చిన్న బెవెల్ గేర్లు రెండు చక్రాల్నీ వేర్వేరు స్పీడ్‌లో తిరగనిస్తాయి. మీ ఇంటి కారులో ఉన్నదీ ఇదే సూత్రం. చిక్కెక్కడంటే, ఉత్త గేర్లే ఉంటే పట్టు లేని చక్రం ఖాళీగా తిరిగేస్తుంది, పట్టున్న రెండోదానికి బలం అందదు. అందుకే మన ఆర్‌సీ కార్లలో డిఫ్ కేస్‌ని సీల్ చేసి చిక్కటి సిలికాన్ ఆయిల్ నింపుతారు. రెండు చక్రాల స్పీడ్‌లో తేడా పెరిగేకొద్దీ ఆయిల్ ఆ తేడాని అడ్డుకుంటుంది.

1:8 బగ్గీలో ఇలాంటివి మూడుంటాయి: ముందు, సెంటర్, వెనక. సెంటర్ డిఫ్ ముందుకీ వెనక్కీ పవర్ పంచుతుంది. నా కారులో జరిగింది ఇప్పుడు అర్థమైపోతుంది. లోపలి ముందు చక్రం మీద బరువు తగ్గగానే, ఆయిల్ లేని ముందు డిఫ్ దాన్ని వదిలేసింది. అలా ముందు వైపు ఖాళీ అయ్యేసరికి సెంటర్ డిఫ్ కూడా పవర్‌ని అటే పోనిచ్చింది. కొత్త టైర్ వేసినా గాల్లో తిరిగే చక్రానికి ఒరిగేదేముంది?

ఆయిల్ చిక్కదనాన్ని సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు. నంబర్ పెద్దదైతే ఆయిల్ చిక్కగా ఉంటుంది. నేను వాడేది ముందు 7,000, సెంటర్ 7,000, వెనక 3,000. ట్రాక్ దగ్గర దీన్ని సెవెన్-సెవెన్-త్రీ అంటారు. కొత్తవాళ్ళు ఇక్కడ మొదలుపెడితే తప్పులేదు. ముందు చిక్కగా చేస్తే థ్రాటిల్ మీద కారు మలుపులోంచి గట్టిగా లాగుతుంది, కానీ థ్రాటిల్ వదిలి మలుపులోకి దింపేటప్పుడు తిరగడం తగ్గుతుంది. వెనక మరీ చిక్కగా పెడితే జారే మట్టిలో వెనక భాగం ఉన్నట్టుండి తిరిగిపోతుంది. సెంటర్ పలచగా ఉంటే ఫుల్ థ్రాటిల్‌కి ముందు టైర్లు బెలూన్‌లా ఉబ్బి కనిపిస్తాయి, అంటే పవర్ అక్కడ వృథా అవుతోందన్నమాట. గుంతల ట్రాక్‌లో మాత్రం ఆ పలచదనమే కారుని నిలకడగా ఉంచుతుంది. ఒక కంపెనీ 5,000, ఇంకో కంపెనీ 5,000 ఒకేలా ఉంటాయని నమ్మొద్దు. ఒకే బ్రాండ్‌కి కట్టుబడండి.

అన్ని కార్లకీ ఇదే కథ కాదు. 1:10 టూరింగ్ కార్లలో రేసర్లు ముందు స్పూల్ పెడతారు. అది డిఫే కాదు, రెండు చక్రాల్నీ కలిపి లాక్ చేసే ముక్క. 1:10 టూ వీల్ డ్రైవ్ బగ్గీల్లో బాల్ డిఫ్ ఇంకా కనిపిస్తుంది: రెండు రింగుల మధ్య చిన్న బాల్స్, ఒక స్క్రూ బిగింపు. చాలా స్మూత్‌గా ఉంటుంది, కానీ గారాల బిడ్డ. స్క్రూ నెమ్మదిగా బిగించి ఎనిమిదో వంతు తిప్పు వెనక్కి తీయాలి. డిఫ్ జారితే కుక్కపిల్ల మొరిగినట్టు శబ్దం వస్తుంది. ఆ శబ్దంతో ఇంకో రెండు ల్యాప్‌లు తోలితే రింగులు పోయినట్టే. నా మాట వింటే మొదటి కారుకి గేర్ డిఫ్‌తోనే పోండి. టామియా టీటీ-02 లాంటి బిగినర్ కారులో వచ్చే గేర్ డిఫ్‌కి ఆయిల్ నిలిపే సీల్ ఉండదు. అందులో ఆయిల్ పోస్తే కారిపోతుంది, చిక్కటి గ్రీజు పెట్టుకోవాలి.

ఇక మెయింటెనెన్స్. పది, పన్నెండు బ్యాటరీ ప్యాక్‌లకి ఒకసారి నేను డిఫ్ విప్పుతాను. ఆయిల్ బూడిద రంగులోకి మారిందంటే అందులో అరిగిన లోహపు పొడి ఉన్నట్టు. అన్నీ శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, ఓ-రింగ్‌కి పల్చగా గ్రీజు రాసి ఎక్కించాలి. ఆయిల్ లోపలి క్రాస్ పిన్నులు మునిగేదాకా చాలు. అంచు దాకా నింపితే వేడికి ఉబ్బి సీల్స్ లోంచి బయటికి తన్నుకొస్తుంది. నేను చేసిన మొదటి తప్పు అదే. పోశాక గేర్లు చేత్తో తిప్పి, బుడగలు పైకొచ్చేదాకా అరగంట వదిలేయండి. నేనైతే నింపిన డిఫ్‌ని చిన్న డిజిటల్ తూకం మీద పెట్టి బరువు నోట్‌లో రాసుకుంటా. తర్వాతిసారి అంతే బరువొస్తే అంతే ఆయిల్ పడ్డట్టు. కేస్ స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి, ఒక్కవైపే బిగిస్తే గాస్కెట్ వంకరగా కూర్చుంటుంది. గేర్‌బాక్స్‌లో పెట్టాక పెద్ద క్రౌన్ గేర్, పినియన్ మధ్య కాస్త ఆట ఉండాలి. ఎక్కువైతే పళ్ళు విరుగుతాయి, అసలు లేకపోతే బిగుసుకుని మోటార్ వేడెక్కుతుంది. షిమ్‌ని బేరింగ్‌కి ఇటువైపు నుంచి అటువైపుకి మార్చి సరిచేసుకోవచ్చు.

విప్పకుండా చూసే టెస్ట్ కూడా ఉంది. కారు ఎత్తి, స్పర్ గేర్ కదలకుండా పట్టుకుని, వెనక చక్రాలు ఎవరితోనైనా పట్టించి, ముందు చక్రం ఒకదాన్ని తిప్పండి. రెండోది వ్యతిరేక దిశలో తిరగాలి, చేతికి తేనెలో గరిటె తిప్పినంత బరువు తెలియాలి. గాల్లో తిప్పినట్టు ఉంటే ఆయిల్ పోయింది. మధ్యలో టక్ టక్ అంటే పళ్ళు పోయాయి. ఇప్పుడు ప్రతి ఆదివారం బ్యాటరీ పెట్టే ముందు ఇదే చేస్తున్నా, అర నిమిషం కూడా పట్టదు.

మే ఎండకి సిలికాన్ ఆయిల్ ఎంతోకొంత పలచబడుతుంది, సెంటర్ డిఫ్ త్వరగా వేడెక్కుతుంది కూడా. అందుకే వచ్చే ఆదివారం సెంటర్‌లో 10,000 పోసి చూస్తా. టైర్లు, స్ప్రింగులు, మిగతా ఆయిళ్ళు ఏవీ ముట్టుకోను. బగ్ వెతికేటప్పుడు ఒకేసారి నాలుగు లైన్లు మార్చి ఆఫీసులో తిట్లు తిన్నవాణ్ణి కదా.